పైసా కట్టకుండా రోడ్డు మీద రాత్రి: మజిలీ నుంచి టోల్ గేటు దాకా

ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన మన సాఫ్ట్‌వేర్ జనాల నోట తరచుగా వినపడే మాట ఒకటుంది. "అక్కడైతే కారేసుకుని బయల్దేరి, రాత్రయ్యాక టెంటు వేసుకుని పడుకోవచ్చు. పైసా కట్టక్కర్లేదు, ఎవడూ అడగడు. మనవాళ్ళకి అసలు క్యాంపింగ్ కల్చరే లేదు గురూ!" ఇందులో మొదటి సగం చాలావరకు నిజమే. రెండో సగం మాత్రం నాకు మింగుడు పడదు. ఎందుకు పడదో చెప్పడానికే ఈ టపా.

ముందు ఆ మొదటి సగం సంగతి చూద్దాం. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఫెడరల్ ప్రభుత్వానికి బోలెడంత భూమి ఉంది. అందులో బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ చూసే భూముల్లో చాలాచోట్ల ఉచితంగా దిగొచ్చు. మామూలుగా 14 రోజులు దాటకూడదు, తర్వాత సామాను సర్దుకుని ఇంకో చోటికి పోవాలి. స్వీడన్లో ప్రకృతిలో తిరిగే హక్కు అందరికీ ఉందన్నది తరాల నాటి ఆచారం. 1994లో దాన్ని రాజ్యాంగంలో కూడా రాసుకున్నారు. ఎవరి ఇంటికీ మరీ దగ్గర కాకుండా, ఏదీ పాడు చెయ్యకుండా ఒకటి రెండు రాత్రులు డేరా వేసుకోవచ్చు. స్కాట్లాండ్ వాళ్ళు 2003లో భూసంస్కరణల చట్టం చేసి, వేరేవాళ్ళ భూమిలో కూడా బాధ్యతగా నడిచే, పడుకునే హక్కు ఇచ్చారు. అయితే అది నడిచేవాడికి, సైకిలు తొక్కేవాడికి. కారు పొలంలోకి తోలతానంటే చెల్లదు.

ఇవన్నీ చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఉచితం అనేది గాలిలోంచి రాలేదు. ఎవరో ఒకరు భూమి వదిలిపెట్టారు, ఎవరో ఒకరు దానికి రూలు రాశారు. ఈ రెండూ ఉన్నచోటే టెంటు పుట్టింది.

మరి మన దగ్గర? మాది పెందుర్తి. ఊరి పక్కనుంచే ఆనందపురం-పెందుర్తి-అనకాపల్లి ఆరు వరసల హైవే పోతుంది, 50 కిలోమీటర్ల పైచిలుకు. విశాఖ నుంచి అరకు వెళ్ళే దారీ మా ఊరి మీదుగానే. అంటే శని ఆదివారాల్లో కార్లేసుకుని కొండెక్కే జనమంతా మా ముందునుంచే వెళ్తారు. వాళ్ళలో ఎవరైనా ఆగి "ఇక్కడ లీగల్‌గా, ఫ్రీగా ఎక్కడ పడుకోవచ్చు మాస్టారూ?" అని అడిగితే చెప్పడానికి సూటి జవాబు లేదు.

హైవే పక్కనున్న ఖాళీ జాగా హైవే భూమి. 2002లో వచ్చిన జాతీయ రహదారుల నియంత్రణ చట్టం ప్రకారం దాన్ని అనుమతి లేకుండా ఆక్రమించకూడదు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా చొరబడడం మన రాష్ట్ర 1967 అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి చట్టం అడ్డొస్తుంది. ఇక మిగిలింది ఎవరిదో ఒకరి పొలం. రైతు ఒప్పుకుంటే ఏ గొడవా లేదు. ఒప్పుకోకపోయినా అక్కడ నిద్రపోయినంత మాత్రాన క్రిమినల్ ట్రెస్‌పాస్ అయిపోదు. పాత ఐపీసీలో గానీ, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గానీ, నేరం చెయ్యాలనో, ఆ మనిషిని బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. కానీ ఆ సెక్షన్ అర్ధరాత్రి టార్చి పట్టుకొచ్చిన పొలం ఆసామికి వివరించే ధైర్యం మీకుంటే నాకు లేదు.

లంబసింగి, వంజంగి వైపు టెంట్లు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, అద్దెకి. అది గుడ్డతో కట్టిన లాడ్జి. నేను అడుగుతున్నది బాటసారికి హక్కుగా దక్కే చోటు గురించి.

సరే, అసలు విషయానికొస్తాను. మనకి ఇది ఎప్పుడూ ఇలాగే ఉందా? అస్సలు కాదు.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శిలాశాసనాలు ఉన్నాయి. 14 పెద్ద శాసనాలూ అక్కడి బండల మీద దొరికాయి. వాటిలో రెండోది దారుల వెంట మనుషుల కోసం, పశువుల కోసం బావులు తవ్వించడం, చెట్లు నాటించడం గురించి చెప్తుంది. ఇప్పటికి 2200 ఏళ్ళ పైమాట. స్కూల్లో "అశోకుడు చెట్లు నాటించెను" అని బట్టీ పట్టి నవ్వుకున్నాం గానీ, ప్రయాణం చేసేవాడి కోణంలోంచి చూడండి. దారి పక్కన నీడ, నీళ్ళు ఉంటే చాలు, అది దిగే చోటు అయిపోతుంది. ఎడ్లబండి కాలంలో క్యాంప్‌సైటు అంటే అదే.

తర్వాత కాలానికి రండి. ఇప్పుడు సెక్రటేరియట్ ఉన్న వెలగపూడి పక్కనే మల్కాపురం అనే ఊరుంది. అక్కడ రుద్రమదేవి కాలం నాటి శాసనం ఒకటి ఉంది, 1261 నాటిది. విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం, వెలగపూడి గ్రామాలు ఇచ్చిన సంగతి అందులో ఉంటుంది. ఆ ఆదాయాన్ని మూడు భాగాలు చేసి, ఒక భాగం ప్రసూతిశాలకి, ఆరోగ్యశాలకి, సత్రానికి అని పంచారు. ఆ శాసనం భాషలోనే చెప్పాలంటే బ్రాహ్మణుడి నుంచి చండాలుడి వరకు ఎవరొచ్చినా అన్నం పెట్టాలి. కులం పోయిందని కాదు దానర్థం, ఆ రెండు మాటలు పక్కపక్కన రాశారంటేనే కులం ఎంత గట్టిగా ఉందో తెలుస్తోంది. కానీ తలుపు మాత్రం అందరికీ తెరవమని రాయి మీద చెక్కించారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక్కడ మన ఫీల్డు వాళ్ళకి వెంటనే తగిలే విషయం ఒకటుంది. సత్రం కట్టించడం కేపెక్స్. రోజూ బియ్యం, కట్టెలు, కాపలావాడి జీతం, పైకప్పు రిపేరు ఇదంతా ఓపెక్స్. మనవాళ్ళు రెండోదాన్ని మర్చిపోలేదు. కట్టించినవాడే దానికి భూమి కూడా రాసిచ్చేవాడు. పంట వచ్చినంతకాలం సత్రం నడుస్తుంది. అంటే బాటసారికి ఉచితం గానీ, ఊరికే నడిచేది కాదు. భూమి పోయిందా, సత్రం పోయినట్టే.

ఈ ఏర్పాటు పనిచేస్తుండగా కళ్ళారా చూసి రాసిపెట్టినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. అంటే ఆ కాలానికి మనలాగే ఇంగ్లీషు నేర్చుకుని దొరల దగ్గర ఉద్యోగం చేసేవాడన్నమాట. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం దారిన దిగొచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. 15 నెలల 15 రోజులు. వెంట సుమారు వందమంది పరివారం, పల్లకీలు, బోయీలు, డేరాలు. దారిలో చూసినవన్నీ తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి ఉత్తరాలుగా రాస్తే, 1838లో ఆయన దాన్ని అచ్చు వేయించాడు. అదే కాశీయాత్ర చరిత్ర. అప్పటికి వీరాస్వామయ్య చనిపోయి రెండేళ్ళయింది. తర్వాత 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు మంచి ఎడిషన్ తెచ్చారు.

ఆ పుస్తకం భక్తి పుస్తకం అనుకుని పక్కన పెట్టేవాళ్ళకి ఒక మనవి. అది అంతకంటే ఎక్కువగా రోడ్ ట్రిప్ లాగ్. ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి ఎంత దూరం, దారి ఎలా ఉంది, నీళ్ళున్నాయా, అంగళ్ళలో సరుకు దొరుకుతుందా, దిగడానికి సత్రమా, తోపా, డేరా వెయ్యాలా అని ఊరూరా రాసుకుంటూ పోయాడు. మన మ్యాపుల్లో రివ్యూలు రాస్తాం చూడండి, అలాంటి పని, నక్షత్రాలు ఇవ్వలేదంతే. నలభై యాభైమంది టీమ్ ఔటింగుకే రిసార్టు దొరక్క కొట్టుకుంటాం మనం. ఆయన వందమందిని వెంటేసుకుని 470 రాత్రులు దాటించాడు.

అదెలా సాధ్యమైందంటే మజిలీ వల్ల. మజిలీ అంటే ఒక రోజు ప్రయాణం ఆగే చోటు. అరబీ నుంచి వచ్చిన మాట, మంజిల్ అన్నది దీనికి చుట్టం. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు తెలియని పాతతరం తెలుగువాళ్ళు ఉండరు. మజిలీకో కథ అన్న ఆ ఎత్తుగడ ఊరికే పుట్టలేదు. జనానికి నిజంగా ఆ అలవాటు ఉండబట్టే పుట్టింది. బండెద్దు రోజుకి ఎంత నడవగలదో దాన్ని బట్టి దూరం. ఆ దూరంలో ఒక చెరువో బావో, ఒక మామిడి తోపో చింతతోపో, ఊరి చావడి, కలిగినవాడు కట్టించిన సత్రం. లోపల చోటుంటే లోపల, లేకపోతే తోపులో డేరా. అన్నట్టు ఇంగ్లీషువాళ్ళు చౌల్ట్రీ అంటారే, ఆ మాట మన చావడి నుంచే వచ్చిందని 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెప్తుంది. మన మాటే వాళ్ళ నోట్లో నలిగి తిరిగొస్తే, ఇంగ్లీషు మాట అనుకుని స్టయిలుగా వాడుకుంటున్నాం.

మరి దీనికి చట్టం ఉండేదా? ఉండేది. ఈస్టిండియా కంపెనీ మద్రాసులో 1817లో ఏడో రెగ్యులేషన్ చేసింది. గుళ్ళకి, మసీదులకి, ఇతర ప్రజాకార్యాలకి ఇచ్చిన భూముల ఆదాయం దారి తప్పకుండా చూడడం, వంతెనలు, సత్రాలు బాగు చేయించడం బోర్డ్ ఆఫ్ రెవెన్యూ బాధ్యత అని అందులో ఉంది. అంటే కంపెనీ దొరలకి కూడా వంతెనా, సత్రమూ ఒకే లిస్టులో కనపడ్డాయి. రెండూ రోడ్డులో భాగమే.

ఇంకోటి 1867 నాటి సరాయిల చట్టం. వాట్సాప్‌లో తిరిగే మెసేజి మీరూ చూసే ఉంటారు, ఈ చట్టం ప్రకారం ఏ ఫైవ్ స్టార్ హోటల్లో అయినా ఫ్రీగా నీళ్ళు తాగొచ్చు, టాయిలెట్ వాడుకోవచ్చు అని. చట్టం రాసింది అది కాదు. బాటసారులు, పశువులు వాడే బావులు, చెరువులు శుభ్రంగా ఉంచాలి, గదులు వరండాలు కడగాలి, గోడలు కప్పు బాగుచెయ్యాలి, సరిపడా కాపలావాళ్ళని పెట్టాలి, రేట్ల పట్టీ కనపడేలా వేలాడదియ్యాలి అని ఉంది. దొంగలు ఎక్కి దిగడానికి పనికొచ్చే చెట్టుకొమ్మలు కొట్టెయ్యాలని కూడా ఉంది! రిక్వైర్‌మెంట్స్ రాసినవాడెవడో గానీ ఫీల్డు చూసి రాశాడు. అన్నిటికంటే నాకు నచ్చింది ఏంటంటే, ఆ చట్టంలో సరాయి అంటే భవనం ఒక్కటే కాదు, "పడావు" కూడా. అంటే బాటసారులు బండ్లు విప్పుకుని దిగే ఖాళీ మైదానం. 1867లోనే క్యాంపింగ్ గ్రౌండ్ చట్టం పుస్తకంలోకి ఎక్కింది. క్యాంపింగ్ కల్చర్ లేదన్న పెద్దమనుషులు ఇది గమనించాలి.

మరి ఇదంతా ఏమైపోయింది? "జనం స్వార్థపరులైపోయారు, దానగుణం తగ్గిపోయింది" అని పెద్దవాళ్ళు అంటారు. నాకు అది సరైన డయాగ్నసిస్ అనిపించదు. మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది రైలు. 1893-96 మధ్య విజయవాడ నుంచి కటక్ దాకా తూర్పు కోస్తా రైలు మార్గం తెరిచారు. మా పెందుర్తి స్టేషను ఉన్న మద్రాసు-హౌరా దారి అప్పటి పుణ్యమే. వీరాస్వామయ్యకి నెలలు పట్టిన దూరం రోజుల్లోకి దిగింది. రాత్రి రైల్లోనే గడిచిపోతే మజిలీ ఎందుకు? దారిలో సత్రాల అవసరం పడిపోయి, సత్రం స్టేషను దగ్గరకో, క్షేత్రం దగ్గరకో చేరింది. విశాఖలో కలెక్టరు పేరు మీద టర్నర్ సత్రం ఉంది చూడండి, అది దారి మధ్య మజిలీ కాదు, పట్నానికి వచ్చినవాడి బస. తోపులో దిగేవాడు లేకపోతే తోపు ఎవరికి కావాలి? తర్వాత బస్సు వచ్చింది, రోడ్డు వెడల్పయింది, దారి పక్క మర్రులు, చింతలు పోయాయి.

రెండోది కులం. మల్కాపురం శాసనం గుర్తుందా? ఆ తెరిచిన తలుపు అన్ని సత్రాలకీ లేదు. చాలా సత్రాల్లో అన్నం బ్రాహ్మణులకే. మిగతావాళ్ళకి అరుగు, దళితులకి ఆ అరుగూ లేదు. మనం "అప్పట్లో ఎవరైనా ఫ్రీగా ఉండేవాళ్ళు" అని మురిసిపోయేటప్పుడు ఆ "ఎవరైనా"లో ఎవరెవరు లేరో కూడా చెప్పుకోవాలి. వీరాస్వామయ్య బస చేసిన చోట్ల ఆయన పల్లకీ మోసిన బోయీలకి ఎక్కడ చోటు దొరికిందో ఊహించుకోండి. ఇది నైతిక సమస్య ఒక్కటే కాదు. తన జనానికి మాత్రమే పనికొచ్చే సత్రాన్ని ఊరంతా కలిసి ఎందుకు కాపాడుతుంది? రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, రోడ్లు అందరివీ అంది. 1955లో వచ్చిన అస్పృశ్యత నేరాల చట్టం ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అని పేరుపెట్టి మరీ, అక్కడ అంటరానితనం పాటిస్తే శిక్ష అంది. 1976లో దాని పేరే పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. తలుపు చట్టం తెరిచింది. కానీ అప్పటికి దారి మీద సత్రమే తగ్గిపోయింది. క్షేత్రాల్లో కొత్తగా లేచినవి చాలావరకు కులం పేరుతో లేచాయి. శ్రీశైలం వెళ్తే బోర్డులు చదువుకోండి, మీకే తెలుస్తుంది.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, భూమి. సత్రం ఓపెక్స్ భూమి మీద నడిచేదని చెప్పాను కదా. సత్రాలు రెవెన్యూ బోర్డు నుంచి లోకల్ బోర్డులకి, అక్కడినుంచి ఎండోమెంట్స్ డిపార్ట్‌మెంటుకి చేతులు మారుతూ వచ్చాయి. 1956లో ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాముల్లో దున్నేవాడికి న్యాయం జరగాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. కానీ సత్రానికి వచ్చే గింజల సంగతి తర్వాత పట్టించుకునే నాథుడు లేడు. భూమి కౌలు నామమాత్రం, లేదా ఆక్రమణ. భవనం మిగిలితే ఫంక్షన్ హాలు, లేకపోతే షాపింగ్ కాంప్లెక్సు. బాటసారి ఓటరు కాదు, రేపు పొద్దున్న వెళ్ళిపోతాడు. అతని తరఫున అడిగేదెవరు?

ఇదంతా చదివి "పోనీలే, ఇప్పుడు ఓయో ఉంది, జీతాలున్నాయి" అనొచ్చు మీరు. మనకి ఉన్నాయి. మరి లారీ డ్రైవరు? రాత్రి పూట మా ఊరి హైవే మీద చూడండి, రోడ్డు వారగా వరసగా లారీలు. క్యాబిన్లో ఒకడు, కింద చాప మీద ఇంకొకడు. ధాబాలో భోంచేస్తే నులక మంచం ఇస్తారు. నిజం చెప్పాలంటే మజిలీకి మిగిలిన ఆఖరి వారసుడు ఆ ధాబావాడే. కుటుంబంతో పనికి వలసపోయే కూలీలు బస్టాండు ప్లాట్‌ఫారం మీద పడుకుంటారు. అరకు వెళ్ళే కుర్రాళ్ళకి ఉచిత క్యాంపింగ్ సరదా. వీళ్ళకి అది రోజూ అవసరం.

మనలో ఆ గుణం చచ్చిపోలేదనడానికి రుజువు కావాలంటే ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం గిరి ప్రదక్షిణకి రండి. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, లక్షలమంది రాత్రంతా నడుస్తారు. దారి పొడుగునా కాలనీలవాళ్ళు మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర పెట్టుకుని కూర్చుంటారు. నీ కులమేంటని అడగరు, ఆధార్ అడగరు. కాళ్ళు లాగితే ఎవరింటి అరుగు మీదైనా నడుం వాల్చొచ్చు. ఆ ఒక్క రాత్రికి విశాఖ అంతా ఒకే పెద్ద మజిలీ. మిగతా 364 రాత్రుల సంగతే మనం తేల్చుకోవాల్సింది.

హైవేల పక్కన ప్రతి 30-50 కిలోమీటర్లకి సౌకర్యాల కేంద్రాలు పెడతామని ఎన్‌హెచ్‌ఏఐ 2021లో ప్రకటించింది. పెట్రోలు బంకు, ఫుడ్ కోర్టు, లారీ డ్రైవర్లకి డార్మిటరీ వగైరా. మంచిదే. కానీ అది వ్యాపారం, కొనేవాడికే స్వాగతం. దానికి ఒక చిన్న ఫీచర్ కలపమనే నా కోరిక. ప్రతిచోటా అరెకరం నేల, నాలుగు చెట్లు, ఒక కుళాయి, శుభ్రమైన మరుగుదొడ్లు, లైటు, కాపలా. ఒక రాత్రికి ఉచితం, తెల్లారితే ఖాళీ చెయ్యాలి. దుప్పటి పరిచినా సరే, డేరా వేసినా సరే. స్పెసిఫికేషన్ కొత్తగా రాయక్కర్లేదు, 1867 చట్టం ముందు పెట్టుకుంటే చాలు, ఆ దొంగల చెట్టుకొమ్మతో సహా. టోల్ కట్టించుకునే రోడ్డు మీద పడుకునే హక్కు అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఈలోగా మనవల్ల అయ్యే పని ఒకటుంది. మీ ఊళ్ళో సత్రం వీధి, సత్రం చెరువు, సత్రం తోట అనే పేర్లేమైనా ఉంటే, ఆ సత్రానికి భూమి కూడా ఉండే ఉంటుంది. 1987 దేవాదాయ చట్టం కింద 43వ సెక్షన్ రిజిస్టర్ ఉంటుంది. సంస్థకి ఏ సర్వే నంబర్లో ఎంత భూమి ఉందో అందులో రాసి ఉండాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెడితే చూడొచ్చు. ఆ సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22ఏ నిషేధిత జాబితాలో ఉన్నాయో లేదో కూడా అడగండి. లేకపోతే అవి అమ్ముడైపోవడానికి రెడీగా ఉన్నట్టే. వీకెండ్ ట్రిప్పుకి రూటు వెతకడానికి పట్టే టైములో సగం చాలు. వచ్చిన జవాబు ఏంటో నాకూ చెప్పండి, ఊరి పేరుతో సహా.